సహచరమా, వాహనమా? పాత్రధారణ క్రీడలందు జంతువుల ఎన్నికయు ఆరోహణమును

వాహనము, సహచరము అను రెండు భావములు లోకవ్యవహారమున ఒకదానిలో నొకటి కలిసిపోవుచుండును గాని, విచారించి చూచినచో అవి వేఱువేఱు ధర్మములు గలవి. మోయునది వాహనము; వెంట నడచునది సహచరము. వాహనమునకు విలువ దాని వేగమును బట్టియు, బరువు మోయు శక్తిని బట్టియు ఏర్పడును. సహచరమునకు విలువ దాని ఇచ్ఛను బట్టి ఏర్పడును. విడిచి పోగలిగియు విడువక వెంట నుండుటయే సాహచర్యము. ఒకే జంతువు ఈ రెండును కావలసి వచ్చినప్పుడు ఏ ధర్మము నిలుచును, ఏ ధర్మము లోపించును అను ప్రశ్న కావ్యలోకమున ప్రాచీనమైనదే. గడచిన అర్ధశతాబ్దమున ఆ ప్రశ్న ఒక క్రొత్త గ్రంథజాతియందు, అనగా అద్భుతకథాప్రధానములైన పాత్రధారణ క్రీడల నియమగ్రంథములందు, మఱల తలయెత్తినది. ఆ గ్రంథములు కాలక్రమమున దానికిచ్చిన సమాధానములను పరిశీలించి, వాని గుణదోషములను నిర్ణయించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా ఈ క్రీడాస్వరూపమును సంగ్రహముగా చెప్పవలసి యున్నది. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. వారిలో నొకరు నిర్వాహకుడై కల్పితలోకమును, అందలి శత్రుమిత్రులను, సంభవములను వర్ణించును. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో నోటితో చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైన చోట పాచిక నిర్ణయించును. ఇందు వేదిక లేదు, వేషము లేదు, నటులే ప్రేక్షకులు. ఈ జాతికి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను క్రీడను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచింపగా, అది 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా పట్టణమునుండి వెలువడెను. అంతకు మూడేండ్లు ముందు, 1971లో, గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు ప్రకటించిన చైన్‌మెయిల్ అను యుద్ధక్రీడ దీనికి జనకస్థానీయము. ఆ యుద్ధక్రీడలో చిన్నచిన్న సైనికప్రతిమలను బల్లపై నడుపుదురు. రౌతు ఒక వంతున ఎన్ని అంగుళములు కదలవచ్చునో గ్రంథము నిర్ణయించును. అక్కడ గుఱ్ఱము ప్రత్యేకవ్యక్తిత్వము గల జీవి కాదు. అది అంగుళముల లెక్క. పాత్రధారణ క్రీడ ఈ లెక్కనుండి పుట్టినదను సంగతి గుర్తుంచుకొననిచో తరువాతి చరిత్ర బోధపడదు. ఆ లెక్కలోనుండి ఒక జీవిని వెలికి తీయుటకు చేసిన ప్రయత్నములే మనము చూడబోవు నియమములు.

ఇట్టి నియమగ్రంథమును సాహిత్యవిమర్శకు గురిచేయవచ్చునా యని శంక కలుగవచ్చును. నాటకలక్షణగ్రంథము నాటకము కాదు. అయినను ఏ రసము అంగి కావలెనో, నాయకుడెట్టివాడు కావలెనో, రంగమున ఏది చూపరాదో అది నిర్ణయించును. నియమగ్రంథమును అట్టిదే. ఆడువారు చెప్పుకొను కథ వారిదే యైనను, అందు ఏది సాధ్యము, ఏది సులభము, ఏది దుర్లభము అనుదానిని గ్రంథము నిర్ణయించును. జంతువు ఆజ్ఞను త్రోసిపుచ్చవచ్చునని నియమము చెప్పినచో, ఆ తిరస్కారమునకు కథలో తావుండును. చెప్పనిచో, నిర్వాహకుడు ప్రత్యేకముగా పూనుకొన్ననే తప్ప, తావుండదు. కావున నియమమునందు గర్భితమైన తాత్పర్యము విమర్శకునకు విచారణీయము.

పరీక్షకు పూనుకొనుటకు ముందు కొలమానమొకటి కావలెను. ఈ క్రీడానియమములు భారతమునుండి పుట్టినవని నేననుట లేదు. అయినను వాహనసాహచర్యముల భేదమును భారతము మిక్కిలి స్పష్టముగా చూపినది. అది తెలుగు పాఠకునకు చిరపరిచితమైన గ్రంథము. కావున అందలి రెండు ఘట్టములను స్మరింతము.

ఆదిపర్వమున గరుడుడు అమృతమును గైకొని పోవుచు దానిని తాను త్రాగడు. ఆ నిర్లోభమునకు మెచ్చి విష్ణువు వరమీయదలచును. తాను విష్ణువునకు పైన నుండవలెననియు, అమృతము త్రాగకయే జరామరణములు లేక యుండవలెననియు గరుడుడు కోరును. పిమ్మట తానును విష్ణువునకు వరమిత్తుననును. విష్ణువు అతనిని వాహనము కమ్మని కోరి, తన ధ్వజమున నిలిపి, పైనుండవలెనను అతని కోరికను చెల్లించును. ఇందు వాహనత్వము ఆజ్ఞవలన కలిగినది కాదు, పరస్పరవరదానమువలన కలిగినది. మోయుటకు ముందే గరుడునకు స్వకీయమైన కథ యున్నది. కాదనుటకు స్వాతంత్ర్య మున్నది.

రెండవ ఘట్టము మహాప్రస్థానికపర్వములోనిది. పాండవులు రాజ్యము విడిచి వెడలునప్పుడు ఒక కుక్క వారి వెంట నడచును. దానిని ఎవరును ఎన్నుకొనలేదు. ద్రౌపదియు, నలుగురు తమ్ములును త్రోవలో పడిపోయిన పిమ్మట ఇంద్రుడు రథముతో వచ్చి ధర్మరాజును ఎక్కుమనును. కుక్కను విడిచి ఎక్కనని ధర్మరాజు నిరాకరించును. వాహనము ఒకవైపున, సహచరము వేఱొకవైపున నిలిచి, రెంటిలో నొకదానిని ఎన్నుకొనవలసిన సంకట మిది. ధర్మరాజు నిర్ణయమునకు గౌరవము కలుగుటకు కారణము ఆ కుక్కను విడుచుట నష్టమని అతడు తలచుటయే. ఆ నష్టము లేనిచో ఆ ఘట్టమే లేదు.

ఈ రెండు ఘట్టములనుండి మూడు ప్రమాణములను గ్రహింపవచ్చును. ఎన్నికకు ముందే జంతువునకు తనదైన బ్రతుకు కలదా? ఇది పూర్వవృత్తము. ఎక్కువానిని అది కాదనగలదా? ఇది నిరాకరణశక్తి. అది పోయినచో నిజముగా పోయినట్లేనా? ఇది వియోగభారము. ఈ మూడును గల జంతువు మనలను మోసినను సహచరమే. మూడును లేని జంతువు, దానికెంత ముద్దుపేరు పెట్టినను, వాహనమే. నియమగ్రంథములను ఈ మూడు ప్రమాణములతో పరీక్షింతము.

1978లో వెలువడిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గ్రంథమున పాలడిన్ అను ధర్మవీరుని పాత్ర నాల్గవ స్థాయికి చేరిన తరువాత తన యుద్ధాశ్వమును పిలువవచ్చునని చెప్పబడినది. ఆ గుఱ్ఱము బుద్ధి గలది. ఒకదానిని పోగొట్టుకొన్నచో, పిలిచిన నాటినుండి పదియేండ్ల గడువు ముగియువఱకు మఱియొకటి లభింపదు. మఱుసటి సంవత్సరము వెలువడిన నిర్వాహకగ్రంథము దీనిని మఱింత విశదీకరించెను. పిలిచిన వెంటనే గుఱ్ఱము కన్నులయెదుట ప్రత్యక్షము కాదు. అది యెక్కడ నున్నదో పాలడినునకు దర్శనమిచ్చును. అతడు ఆ చోటికి ప్రయాణము చేసి దానిని సంపాదింపవలెను. అది అడవిలో స్వేచ్ఛగా తిరుగుచుండవచ్చును. లేదా దుష్టుడైన యోధుని కాపుదలలో నుండవచ్చును. ఈ నియమమున సంఖ్యలు కొలదిగనే యున్నను, కథ నిండుగా నున్నది. గుఱ్ఱమునకు లోకమున ఒక స్థానమున్నది. వీరుడు దానికొఱకు పోవలెను గాని అది వీరునికొఱకు సృష్టింపబడదు. పూర్వవృత్తమునకు ఇంతకంటె చక్కని నియమము తరువాతి గ్రంథములలో నాకు కానరాలేదు. పదియేండ్ల గడువు వియోగభారమునకు సంఖ్యారూపము. ఆటకాలమున పదియేండ్లు గడచుట అరుదు గనుక, ఆ గుఱ్ఱమును పోగొట్టుకొన్నవాడు దానిని శాశ్వతముగా పోగొట్టుకొన్నట్లే.

1989లో వచ్చిన రెండవ కూర్పునందు జంతుమైత్రిని కలిగించు మంత్రమొకటి కలదు. డ్రూయిడ్ అను వనవాసి పురోహితుని వంటివారు దానిని ప్రయోగింతురు. మంత్రమనగా వశీకరణమని మనము తలచెదము గాని, ఈ మంత్రమునకు వింతయైన నిబంధన యున్నది. ప్రయోగించువాడు నిజముగా స్నేహమును కోరినప్పుడే అది ఫలించును. లోపల మఱియొక ఉద్దేశ్యమున్నచో జంతువు దానిని పసిగట్టును. దురుద్దేశ్యమునకు గ్రంథమిచ్చిన ఉదాహరణములు రెండు: జంతువును తినదలచుట, ఉచ్చులున్న త్రోవలో దానిని ముందుగా పంపదలచుట. ఈ రెండవ ఉదాహరణము మిక్కిలి విలువైనది. భూగర్భమందిరములలో దాగియున్న ఉచ్చులను కనిపెట్టుటకు జంతువులను ముందుకు తోలుట ఆడువారికి సహజముగా తోచు ఉపాయము. గ్రంథకర్తలు ఆ బుద్ధిని ముందుగనే గ్రహించి, ఆ యుపాయమును మైత్రికి వ్యతిరేకమని నిర్ణయించిరి. ఇందు తీర్పరి నిర్వాహకుడు కాదు, ఆటగాడు కాదు, నోరులేని జంతువు. నిరాకరణశక్తి దీనియందు పరిపూర్ణము.

2000లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ మూడవ కూర్పును, 2003లో దాని సంస్కరణమును ప్రకటించెను. ఈ సంస్కరణమున పెద్ద మార్పు జరిగెను. జంతుసహచరము మంత్రఫలముగా గాక వృత్తిధర్మముగా, అనగా పాత్రకు జన్మహక్కుగా, ఏర్పడెను. డ్రూయిడునకు మొదటి స్థాయిలోనే ఒక జంతువు లభించును; రేంజర్ అను వనసంచారి యోధునకు నాల్గవ స్థాయిలో లభించును. ఎన్నుకొనుటకు పట్టిక యున్నది: ఒంటె, కుక్క, స్వారికి పనికివచ్చు పెద్దకుక్క, గద్ద, డేగ, గుడ్లగూబ, గుఱ్ఱము, తట్టువ, పాము, తోడేలు మున్నగునవి. పై స్థాయివారు ఎలుగుబంటి, చిఱుతపులి వంటి బలిష్ఠములను కోరవచ్చును గాని, అందుకు ప్రతిగా తమ స్థాయిలో కొన్ని మెట్లు తగ్గించి లెక్కించుకొనవలెను. ఎన్నిక యన్నది ఇక్కడ అన్వేషణము కాదు, బేరము. జంతువు మరణించినచో ఇరువదినాలుగు గంటలు ప్రార్థన చేసి మఱియొకదానిని పొందవచ్చును. పాలడిన్ గుఱ్ఱము సైతము ఈ కూర్పున మాఱిపోయినది. అది దివ్యలోకమునుండి దిగివచ్చి, స్థాయి యొక్కింటికి రెండు గంటల చొప్పున సేవచేసి మరలిపోవును. అది చనిపోయినచో ముప్పది దినములవఱకో, పాలడిన్ మఱియొక స్థాయి నెక్కువఱకో, ఏది ముందైన అంతవఱకు, మఱియొకటి రాదు. ఆ దినములలో పాలడిన్ చేయు దాడులందును, ఆయుధపు దెబ్బలందును ఒక్కొక్క అంకె తగ్గును. శోకమును ఒక అంకెగా మార్చుట హాస్యాస్పదమని కొందఱనవచ్చును. నాకట్లు తోచదు. ఆ అంకెయైనను శోకము గలదని ఒప్పుకొనుచున్నది.

ఈ కూర్పును పూర్తిగా నిందించుట న్యాయము కాదు. జంతువులకు శిక్షణమిచ్చు నియమములను ఇది శ్రద్ధతో రచించినది. అతిస్వల్పబుద్ధి గల జంతువు మూడు విద్యలను, అంతకంటె కొంచెము హెచ్చు బుద్ధిగలది ఆఱు విద్యలను మాత్రమే నేర్చును. ఒక్కొక్క విద్య నేర్పుటకు ఒక వారము పట్టును. నేర్చిన విద్యను చూపించుటకైనను పాచిక వేయవలెను. జంతువు గాయపడి యున్నచో ఆ పని మఱింత కష్టమగును. దాడిచేయుట నేర్చిన జంతువు సామాన్యశత్రువులపై దూకును గాని, ప్రేతములపై, వికృతజీవులపై దూకదు. వానిపై దూకుటకు ఆ విద్యను రెండింతలుగా నేర్పవలెను. ఈ చివరి నియమము ప్రశంసనీయము. శవము నడచివచ్చుచుండగా కుక్క వెనుకకు తగ్గుట జంతుస్వభావము. ఆ స్వభావోక్తిని నియమరూపమున చెప్పినందున, కుక్క కుక్కగా నిలిచినది. పూర్వవృత్తము పోయినను నిరాకరణశక్తి కొంత మిగిలినది.

2009లో పైజో సంస్థవారు ఈ నియమములనే ఆధారముగా గొని పాత్‌ఫైండర్ అను క్రీడను వెలువరించిరి. ఎన్నికయందు వీరు చేసిన సంస్కారము గమనింపదగినది. పాత జంతువును విడిచి బలిష్ఠమైన క్రొత్తదానిని బేరమాడు పద్ధతిని తొలగించి, మొదట ఎన్నుకొన్న జంతువే నాల్గవ స్థాయిలోనో, ఏడవ స్థాయిలోనో ఎదుగునట్లు ఏర్పఱచిరి. తోడేలు మొదట మధ్యమపరిమాణము గలది. ఏడవ స్థాయిలో పెద్దదగును. స్వారి చేయువానికంటె వాహనము పరిమాణమున ఒక మెట్టు పెద్దదిగా నుండుట ఈ క్రీడలందు సామాన్యపద్ధతి. కావున తోడేలును ఎన్నుకొన్న మనుష్యపాత్ర ఆఱు స్థాయిలు దాని ప్రక్కన నడచి, ఏడవ స్థాయిలో దాని నెక్కును. సాహచర్యము ముందు, ఆరోహణము తరువాత. ఇది గణితముకొఱకు చేసిన ఏర్పాటే కావచ్చును. ఫలితము మాత్రము కావ్యోచితము. ఆఱు స్థాయిల కాలము తనతో నడచినదాని వీపుపై కూర్చుండువాడు దానిని అంగళ్ళలో కొన్న గుఱ్ఱమువలె చూడజాలడు.

ఈ పరిమాణనియమమునుండియే మఱియొక చమత్కారము పుట్టినది. హాఫ్లింగుల వంటి పొట్టిజాతివారు అల్పపరిమాణము గలవారు. వారికి మధ్యమపరిమాణము గల తోడేలే చాలును. 2010లో పాత్‌ఫైండరునకు అనుబంధముగా వచ్చిన గ్రంథమున కావలియర్ అను రౌతువృత్తి కలదు. అందు మనుష్యునివంటి మధ్యమదేహునకు గుఱ్ఱము, ఒంటె. పొట్టివానికి తట్టువ, తోడేలు చెప్పబడినవి. నాల్గవ స్థాయినుండి పొట్టివాడు కుక్కను, అడవిపందిని గూడ కోరవచ్చును. దేహము చిన్నదగుట వీరజీవితమున కొఱతగా కనబడును గాని, ఎన్నికయందు అదియే సంపదయైనది. ఇంతేకాదు, మెట్లు దిగి ఇఱుకుదారులలో నడువవలసిన భూగర్భమందిరమున మనుష్యుని గుఱ్ఱము ద్వారముకడ ఆగిపోవును. పొట్టివాని తోడేలు లోపలికి వచ్చును. వెంట రాగలిగినదే సహచరము గనుక, ఎన్నుకొనువాడు వేగమును గాక త్రోవను ముందుగా విచారింపవలెను.

2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ కూర్పు ఆరోహణనియమములను మిక్కిలి సంక్షిప్తముగా చెప్పినది. వాహనము ఎక్కువానికంటె ఒక మెట్టు పెద్దదై యుండవలెను, ఎక్కుటకు తగిన దేహనిర్మాణము గలదై యుండవలెను, సమ్మతించినదై యుండవలెను. ఈ సమ్మతి యను మాట గరుడోపాఖ్యానమును స్మరింపజేయును. పిమ్మట రెండు విధములు చెప్పబడినవి. స్వారికి మరిగిన జంతువును రౌతు తన అధీనమున నుంచుకొనవచ్చును. అప్పుడది రౌతు వంతుననే కదలి, పరుగెత్తుట, తప్పుకొనుట, కాచుకొనుట అను మూడు పనులు మాత్రమే చేయగలదు. లేదా దానిని స్వతంత్రముగా విడువవచ్చును. అప్పుడది తన వంతున తన ఇచ్ఛానుసారము పోరాడును, పాఱిపోవును. డ్రాగన్ వంటి బుద్ధిగల జీవులు ఎల్లప్పుడును స్వతంత్రములే. ఈ విభాగము శాస్త్రీయమైనది. అధీనమైన జంతువు కఱవదు, తన్నదు. ఇచ్ఛను కోల్పోయినది శౌర్యమును గూడ కోల్పోవునని నియమమే చెప్పుచున్నది. అయినను ఒక లోపమున్నది. తప్పనిసరి స్వాతంత్ర్యమును బుద్ధితో ముడివేయుటచేత, శిక్షితమైన నోరులేని జంతువు స్వాతంత్ర్యము రౌతు దయపై ఆధారపడినది. 1989 నాటి మంత్రనియమమున అల్పబుద్ధి గల జంతువే మనుష్యుని అంతరంగమును పరీక్షించినది. ఇచ్ఛకు బుద్ధి యవసరము లేదని ఆ నియమకర్తలెఱుగుదురు.

ఇదే కూర్పున రేంజర్ వృత్తిలో బీస్ట్ మాస్టర్ అను శాఖ కలదు. ఆ శాఖవాని సహచరము మధ్యమపరిమాణమును మించరాదు. దాని బలసూచిక నాల్గవ వంతును మించరాదు. స్వారిగుఱ్ఱము బలసూచిక సరిగా నాల్గవ వంతే. కాని దాని పరిమాణము పెద్దది. కావున గుఱ్ఱము మనుష్యరేంజరును మోయవచ్చును గాని అతని సహచరము కాజాలదు. తోడేలు సహచరము కావచ్చును గాని అతనిని మోయజాలదు. వాహనసాహచర్యములను నియమమే గోడకట్టి వేఱుచేసినది. హాఫ్లింగుల వంటి పొట్టిజాతివారు మాత్రమే ఆ గోడను దాటి తమ తోడేలు నెక్కగలరు. సహచరము దాడి చేయవలెనన్నచో రేంజర్ తన చర్యను వ్యయపఱచి ఆజ్ఞాపింపవలెను. ఈ నియమముపై ఆడువారు విశేషముగా అసంతృప్తి ప్రకటించిరి, అందు న్యాయమున్నది. సహచరమనగా రెండవ చేయి. ఇక్కడ నది యజమాని చేతిని కట్టి తన చేతి నాడించుచున్నది. అది చనిపోయినచో, వైరము లేని మఱియొక జంతువుతో ఎనిమిది గంటలు గడిపి క్రొత్త బంధమును కల్పించుకొనవచ్చును.

ఆ యసంతృప్తికి సమాధానముగా 2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అను గ్రంథము క్రొత్త సహచరమును ప్రతిపాదించెను. 2024 నాటి ఆటగాని గ్రంథము ఆ పద్ధతినే స్వీకరించెను. ఇందు జంతువులు మూడే: భూచరము, జలచరము, ఖేచరము. రూపమును ఆటగాడు తన యిచ్చవచ్చినట్లు వర్ణించుకొనును. ఆజ్ఞాపించుటకు ప్రధానచర్య అక్కఱలేదు, ఉపచర్య చాలును. యజమాని స్థాయితోపాటు జంతుబలమును పెరుగును. మరణించిన గంటలోపల దానిని తాకి, ఒక మంత్రశక్తిభాగమును వ్యయము చేసినచో, అది నిమిషములో పూర్ణబలముతో లేచును. న్యాయదృష్టితో చూచినచో ఇది మేలైన నియమము. రేంజర్ తక్కిన వీరులకు తీసిపోడు. జంతువు భారముగా నుండదు. కావ్యదృష్టితో చూచినచో మాత్రము సందేహములు కలుగును. భూచరమునకు తోడేలని పేరు పెట్టినను, ఎలుగుబంటియని పేరు పెట్టినను సంఖ్యలు మాఱవు. పర్యాయపదములలో ఏది వాడినను అర్థము మాఱనిచో, కవి చేసిన పదచయనము ఛందస్సుకొఱకే యగును. ఇక్కడ ఎన్నికయు వర్ణనమాత్రమే యైనది.

ఇందు వియోగభారము క్రమముగా సన్నగిల్లిన తీరును గమనింపుడు. 1978లో పదియేండ్లు, 2003లో ఇరువదినాలుగు గంటలు, 2014లో ఎనిమిది గంటలు, 2020లో ఒక నిమిషము. ఇవి సమానవిషయములు కావు. మొదటిది పాలడిన్ గుఱ్ఱమునకు సంబంధించినది. నడిమి రెండును క్రొత్త జంతువును పొందుటకు సంబంధించినవి. చివరిది పోయినదానినే లేపుటకు సంబంధించినది. అయినను ఒక్క దిశ స్పష్టము. మరణము విఘ్నముగా మాఱినది. శోకము స్థాయి యైననే కరుణరసము. నిమిషములో తీఱిపోవు శోకము సంచారిగానైనను నిలువజాలదు. ధర్మరాజు కుక్క నిమిషములో మఱల లేచునదే యైనచో, ఇంద్రుని రథము నెక్కుటకు అతనికి అడ్డేమి?

2019 నాటి పాత్‌ఫైండర్ రెండవ కూర్పు మధ్యేమార్గమును త్రొక్కినది. ఆటగాడు తన మూడు చర్యలలో నొకదానిని వ్యయము చేయగా సహచరము రెండు చర్యలు చేయును. ఇందు ఇద్దఱికిని నష్టము లేదు. ఆరోహణవిషయమున ఒక సూక్ష్మమైన నియమమున్నది. ఒక మెట్టు పెద్దదైన ఏ సహచరమునైనను ఎక్కవచ్చును. కాని వాహనగుణమని ప్రత్యేకముగా చెప్పబడినది లేనిచో, రౌతును మోయుచున్న జంతువు నేలమీద నడచు వేగమును మాత్రమే వాడుకొనగలదు. ఒకే వంతున కదలుట, యజమానికి పోరున తోడ్పడుట అను రెంటిని చేయజాలదు. గుఱ్ఱమునకు ఆ గుణమున్నది. ఆ గుణము లేని పక్షిని ఎగురుటకై ఎన్నుకొన్నవాడు దాని నెక్కిన వెంటనే నేలపై నడువవలసి వచ్చును. ఆడువారు దీనిని అడ్డంకిగా భావింతురు. నేను దీనిని ఔచిత్యముగా భావింతును. మోయుటకు అలవడిన జాతికి మోయుటయందు గౌరవమిచ్చి, తక్కినవానిని ఎక్కినచో అవి తమ సహజశక్తిని కోల్పోవునని చెప్పుటవలన, ఎక్కుటకును ఎక్కకుండుటకును భేదము సిద్ధించినది. పక్షిని పక్షిగా నుంచదలచినవాడు దాని నెక్కడు.

ఇక పూర్వపక్షము. క్రీడ కావ్యము కాదు. వినోదము దాని ఫలము. సహచరము వృత్తిధర్మమైనప్పుడు, అది మాట వినకపోవుట యోధుని చేతిలోని కత్తి తిరుగబడుట వంటిది. ఒకని ఆయుధము ఎల్లప్పుడును పనిచేయుచుండగా మఱియొకని ఆయుధము అలుగుట అన్యాయము. పైగా ఒక్కడే రెండు ప్రాణులను నడుపుచుండగా తక్కినవారు తమ వంతుకొఱకు ఎదురుచూచుచు విసుగుచెందుదురు. క్రొత్త నియమములు ఈ కష్టములను తొలగించినవి గదా.

ఈ వాదమున కాలహరణమును గూర్చిన భాగము సత్యము, దానిని అంగీకరింపవలెను. కాని జంతువును కత్తితో పోల్చుటయందే సాధ్యమును హేతువుగా చూపు దోషమున్నది. అది ఆయుధమే యైనచో సహచరమను పేరెందులకు? ఆడువాడు కత్తిని గాక తోడేలును కోరుకొన్నప్పుడే, కత్తి ఈయలేనిదేదో దానినుండి ఆశించినాడు. అట్టిదానిని లేకుండ చేసి, కత్తికి గల నమ్మకమును మాత్రమిచ్చినచో అతని కోరిక తీఱినట్లు కాదు. నిరాకరణము తఱచుగా జరుగనక్కఱలేదు. ఎప్పుడు జరుగవచ్చునో ముందుగా తెలిసియున్న చాలును. ప్రేతముపై దూకనను కుక్కవలె, ఉచ్చులలోనికి పంపదలచినవానిని పసిగట్టు జంతువువలె, నిరాకరణమునకు హేతువు స్పష్టమైనచో అన్యాయమున కవకాశము లేదు. అది ఆటగానికి శిక్ష కాదు. అతడు ఎట్టివాడో తెలుపు పరీక్ష.

ఈ విచారమునుండి తేలిన నిర్ణయ మిది. న్యాయగణనమున అర్వాచీనగ్రంథములు ప్రాచీనములను మించినవి. ప్రాణిని ప్రాణిగా నిలుపుటయందు ప్రాచీనములే మిన్న. పాత్‌ఫైండరు రెండు కూర్పులు ఈ రెండు కోటులను కొంతవఱకు సంధించినవి. నియమగ్రంథములు ఉత్తరువులు కావు గనుక, నిర్వాహకుడు తన బల్లకడ ఈ లోపములను పూరింపవచ్చును. 2024 నాటి గణితమునే యుంచుకొని, సహచరము మొదట కనబడిన చోటును, ఆనాడది చేయుచున్న పనిని ఆటలో చూపినచో పూర్వవృత్తము సిద్ధించును. అది చేయని పని యొక్కటి ముందుగా నిర్ణయించి పత్రమున వ్రాసినచో నిరాకరణశక్తి సిద్ధించును. దానిని లేపుటకు గల గంటగడువును తఱుగనీయక నిజముగా లెక్కించి, శత్రువులు చుట్టుముట్టియుండగా దానికడకు చేరుట కష్టసాధ్యముగా నుంచినచో వియోగభారము సిద్ధించును. వీనిలో నొక్కదానికైనను సంఖ్యలను మార్చనక్కఱలేదు. వాహనముగా లెక్కింపబడిన జంతువును సహచరముగా భావించుటకు కావలసినది గణితము కాదు. అది కాదనవచ్చునని మనము ఒప్పుకొనుట.